జాయిజేనా అని అడిగాం, ఎప్పటికి కావాలని అడిగామా?

పోయిన నెల జుమా నమాజు ముగిసి బయటికి వస్తుంటే మసీదు మెట్ల దగ్గర ఒక సోదరుడు నన్ను ఆపారు. ఆయన కొడుకు నా దగ్గర చదువుకుంటున్నాడు. ఆయన ఎనిమిదేళ్లు దమ్మామ్‌లో కరెంటు పని చేసి తిరిగి వచ్చారు. చేతిలో పన్నెండు లక్షల రూపాయలున్నాయి. "మౌల్వీ సాబ్, ఈ డబ్బు షేర్లలో పెట్టడం జాయిజేనా?" అని అడిగారు. కంపెనీ చేసే వ్యాపారం హలాల్ అయి ఉండాలి, దాని నెత్తిన వడ్డీ అప్పులు హద్దు మీరి ఉండకూడదు, షేరు మన పేరున పడకముందే అమ్ముకోకూడదు, ఇలాంటి షరతులతో జాయిజేనని చాలామంది ఉలమా అంటున్నారని చెప్పాను. వివరాలకు ముఫ్తీ సాబ్‌ని అడగమన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "అయితే సోమవారమే మొత్తం పెట్టేస్తాను" అన్నారు.

"ఆగండి భాయ్, ఈ డబ్బు మీకు మళ్లీ ఎప్పుడు కావాలి?" అన్నాను.

ఆ ప్రశ్న ఆయన ఊహించలేదు. కాసేపు ఆలోచించి చెప్పారు. రెండేళ్లలో కూతురి నికాహ్ చేయాలి. ఆరేళ్లకు కొడుకు ఇంజనీరింగ్‌లో చేరతాడు. ఎప్పటికైనా భార్యతో కలిసి హజ్‌కు వెళ్లాలి. అవసరాలు మూడు, వాటి గడువులు మూడు రకాలు. డబ్బు మాత్రం ఒకే మూట, దాన్ని పెట్టబోయేది ఒకే చోట.

మన ఇళ్లలో డబ్బు విషయంలో మొదటి ప్రశ్న అడిగే అలవాటు బాగానే ఉంది. అది ఉండాలి కూడా. అయితే జాయిజ్ అన్న జవాబు రాగానే మనం విచారణ ముగిస్తున్నాం. ఎంత కాలానికి, ఎన్ని చోట్ల, ఎవరి లెక్క మీద అన్న ప్రశ్నలు దుకాణం సరుకు కొనేటప్పుడు అడుగుతాం కానీ, జీవితమంతా కూడబెట్టిన సొమ్ము అప్పగించేటప్పుడు అడగడం లేదు. దేశంలో గత కొన్నేళ్లుగా జరుగుతున్నది చూస్తే ఈ రెండో ప్రశ్న ఎంత అవసరమో తెలుస్తుంది.

2020 మార్చి నాటికి దేశంలో డీమ్యాట్ ఖాతాలు సుమారు 4 కోట్లు. 2022 ఆగస్టుకు 10 కోట్లు దాటాయి. 2025లో 20 కోట్లు మించిపోయాయి. ఒకప్పుడు బ్రోకరు గుమాస్తా చుట్టూ తిరిగితే గాని దొరకని షేరు ఇప్పుడు ఫోనులో వేలి కింద ఉంది. ఇందులో మంచీ ఉంది. చిన్న పట్టణాల సామాన్యుడికి పెద్ద కంపెనీల లాభంలో వాటా అందుబాటులోకి వచ్చింది. కానీ అదే ఫోనులో పక్కనే ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే వ్యవహారం కూడా ఉంది. షేరు ధర ఫలానా తేదీకి పెరుగుతుందా తగ్గుతుందా అన్నదాని మీద పందెం కాయడం లాంటిది అది. సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఈ వ్యవహారం చేసిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారు. వారందరూ పోగొట్టుకున్నది 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైనే. సెబీ నిబంధనలు బిగించిన తరువాత కూడా 2024-25 ఒక్క ఏడాదిలో నూటికి 91 మంది నష్టపోయారని, నష్టం లక్ష కోట్లు దాటిందని 2025 జూలైలో అదే సంస్థ చెప్పింది. ఇది జూదంతో సమానమని ఉలమా అంటే కొందరు యువకులు నవ్వుతారు. ఉలమా మాట నచ్చకపోతే సెబీ లెక్కయినా చూడమని వారికి నా మనవి.

ఇది తొందర వల్ల వచ్చే నష్టం. మన సముదాయానికి తగిలిన దెబ్బ ఇంకొకటి ఉంది. అది పేరును చూసి నమ్మడం వల్ల వచ్చింది. బెంగళూరులోని ఐఎంఏ సంస్థ వడ్డీ లేని హలాల్ రాబడి అని చెప్పి నెలకు రెండున్నర, మూడు శాతం చొప్పున పంచుతూ వచ్చింది. 2019 జూన్‌లో రంజాన్ పండుగ వెళ్లిన కొద్ది రోజులకే దాని యజమాని దేశం విడిచి వెళ్లిపోయాడు. 40 వేలమందికి పైగా ఫిర్యాదు చేశారు. మొత్తం సుమారు 4,000 కోట్ల రూపాయల వ్యవహారమని బయటపడింది. జూలైలో ఆయన ఢిల్లీ విమానాశ్రయంలో దిగగానే అరెస్టు చేశారు. అంతకు ముందు 2018లో మన హైదరాబాద్‌లో హీరా గ్రూపు మీద కేసులు నమోదయ్యాయి. ఏడాదికి 36 శాతం దాకా లాభం ఆశ చూపారన్నది ఆరోపణ. ఆ కేసులు ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచాయి. డబ్బు పెట్టినవారిలో గల్ఫ్ కార్మికులు, వితంతువులు, పెన్షన్ పుచ్చుకున్న ఉద్యోగులు ఉన్నారు. నాతో పాటు పనిచేసిన ఒక ఉపాధ్యాయుడు ఇలాంటి మరొక సంస్థలోనే తన రిటైర్‌మెంట్ సొమ్ము పెట్టి, తరువాత ఆ సంగతి మూడేళ్లపాటు భార్యకు కూడా చెప్పలేకపోయారు.

నెలకు మూడు శాతం అంటే ఏడాదికి 36. ఏ కిరాణా వ్యాపారి గానీ, ఏ బట్టల దుకాణదారు గానీ ప్రతి నెలా, వానాకాలమైనా ఎండాకాలమైనా, ఒకే శాతం లాభం పంచగలడా? నిజమైన వ్యాపారంలో ఒక నెల లాభం వస్తుంది, ఒక నెల రాదు. లాభనష్టాలు పంచుకోవడమే ముదారబా, ముషారకా అయినప్పుడు, ఎన్నడూ తగ్గని నెలసరి శాతమే అనుమానించవలసిన మొదటి సంగతి.

ఇవి మోసగాళ్ల కథలు, మంచి సంస్థలో పెడితే ఇలా జరగదు కదా అని పాఠకులు అనవచ్చు. అందుకే మలేషియా కథ చెప్పాలి. అది మోసపు దుకాణం కాదు. ప్రభుత్వ చట్టంతో నడిచే, ముస్లిం ప్రపంచమంతా మెచ్చుకున్న హజ్ పొదుపు సంస్థ. దాని పేరు తబుంగ్ హాజీ.

1950లలో మలయా పల్లెల్లో హజ్‌కు వెళ్లదలచినవారు బ్యాంకులో వేస్తే వడ్డీ సోకుతుందని డబ్బును ఇళ్లలో దాచుకునేవారు. చాలక పొలమో పశువులో అమ్ముకుని బయలుదేరేవారు. హాజీ అయి తిరిగి వచ్చాక బతుకుతెరువు ఉండేది కాదు. ఉంకు అజీజ్ అనే ఆర్థికవేత్త దీన్ని గమనించి, హజ్ కోసం చిన్న మొత్తాలు ఏళ్ల తరబడి కూడబెట్టుకునే నిధి కావాలని 1959లో ఒక ప్రణాళిక రాశారు. 1963లో ఆ నిధి మొదలైంది. రైతు ఐదో పదో రింగిట్లు వేస్తాడు. సంస్థ ఆ సొమ్మును వడ్డీ లేని మార్గాల్లో, అంటే పామాయిల్ తోటల్లో, భవనాల్లో, షేర్లలో పెడుతుంది. వచ్చిన లాభాన్ని ఏటా పంచుతుంది. వేసినవాడి సొమ్ముకు ప్రభుత్వ హామీ ఉంది. పాతికేళ్లు వేసి హజ్‌కు వెళ్లినవారున్నారు. నేడు 90 లక్షలమందికి పైగా ఖాతాదారులున్నారు. మలేషియా జనాభా మూడున్నర కోట్లు కూడా లేదని గుర్తుంచుకుంటే ఇది ఎంత పెద్ద సంగతో అర్థమవుతుంది.

ఇలాంటి సంస్థ కూడా ఒడుదుడుకుల్లో పడింది. జనం మెచ్చుకోలు కోసమో, రాజకీయ ఒత్తిడి వల్లనో, సంపాదించినదానికి మించి పంచడం మొదలైంది. 2014కు హజ్ బోనస్‌తో కలిపి ఎనిమిది శాతం పైనే పంచారు. తమ దగ్గరున్న ఆస్తి ఖాతాదారులకు ఇవ్వవలసినదానికంటే తక్కువగా ఉంటే లాభం పంచరాదని చట్టం చెబుతోంది. కానీ పడిపోయిన షేర్ల విలువను లెక్కల్లో పూర్తిగా తగ్గించి చూపకపోవడం వల్ల ఆ లోటు కంటికి కనబడలేదు. 2015లో ప్రభుత్వ సంస్థ వన్ ఎండీబీ నుంచి కౌలాలంపూర్ నడిబొడ్డున 18.85 కోట్ల రింగిట్లకు స్థలం కొన్నప్పుడు, హాజీల సొమ్ముతో ఎవరిని ఆదుకుంటున్నారని జనం నిలదీశారు. 2018లో ప్రభుత్వం మారాక బయటి ఆడిటర్లు లెక్కలు చూశారు. 2017 చివరి నాటికి సంస్థ ఆస్తులు దాని బాధ్యతలకంటే 410 కోట్ల రింగిట్లు తక్కువగా ఉన్నాయని తేల్చారు. రింగిట్ మన లెక్కలో దాదాపు ఇరవై రూపాయలు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ పెట్టుబడుల మీద షరీఅత్ సలహాదారుల అజమాయిషీ ఉంది. జాయిజేనా అన్న మొదటి ప్రశ్నకు జవాబు సరిగానే ఉంది. లోపమంతా రెండో ప్రశ్న దగ్గర జరిగింది. ఈ ఏడు ఎక్కువ పంచితే వచ్చే ఏడు ఎక్కడి నుంచి తెస్తామని ఎవరూ గట్టిగా అడగలేదు.

నయం చేసిన తీరు కూడా తెలుసుకోదగినదే. 1,990 కోట్ల రింగిట్ల లెక్కలో ఉన్న బలహీన ఆస్తులను ప్రభుత్వం వేరే సంస్థకు మార్చింది. వాటి మార్కెట్ విలువ అప్పటికి అందులో సగానికి దగ్గరగా మాత్రమే ఉంది. ఆ తేడా భారాన్ని ప్రభుత్వం తన నెత్తిన వేసుకుంది. అంటే చివరికి పన్ను కట్టే ప్రజల నెత్తినే. ఖాతాదారులకు 2018కి ఇచ్చిన లాభం 1.25 శాతం. అలవాటుపడ్డ ఆరు, ఎనిమిది శాతాల తరువాత ఇది చేదుగా తోచింది. కొందరు డబ్బు తీసేసుకున్నారు కూడా. సంస్థ మాత్రం జాగ్రత్త బాటనే పట్టింది. ఆ తరువాతి ఏళ్లలో మూడు శాతం చిల్లర పంచుతూ వచ్చింది. 2023కు, 2024కు 3.25 శాతం. ఎనిమిది ముందు మూడు చిన్నదే. అయినా అది నిజంగా సంపాదించి పంచిన మూడు.

మన దగ్గర అలాంటి సంస్థ లేదు. నష్టం వస్తే భరించే ప్రభుత్వ హామీ అసలే లేదు. 2018లో హజ్ సబ్సిడీ కూడా ఆగిపోయింది. వడ్డీ లేని బ్యాంకింగ్ గురించి రఘురామ్ రాజన్ కమిటీ 2008లో సిఫారసు చేసింది కానీ, ఆ ఆలోచనను ముందుకు తీసుకుపోవడం లేదని 2017లో రిజర్వు బ్యాంకు తేల్చేసింది. స్టేట్ బ్యాంకు వారి షరియా ఫండ్ 2014 డిసెంబరులో ప్రారంభం కావలసి ఉండగా చివరి క్షణంలో వాయిదా పడింది. ఇక మిగిలింది కొన్ని షరియా సూచీలు, వాటి దారిలో నడిచే రెండు మూడు మ్యూచువల్ ఫండ్లు. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ 2008లోనే షరియా సూచీ పెట్టింది. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీ 2010లో టాసిస్ సంస్థతో కలిసి 50 కంపెనీల సూచీ ప్రారంభించింది. టాటా ఎథికల్, టారస్ ఎథికల్ అనే ఫండ్లు ఉన్నాయి. పేర్లు చెప్పానంటే కొనమని కాదు, అవి ఉన్నాయని తెలియడానికి.

ఈ ఫండ్లలో ఉన్న ఒక చిక్కు గురించి ఏజెంట్లు సాధారణంగా చెప్పరు. షరియా వడపోతలో బ్యాంకులు, వడ్డీ మీద నడిచే ఫైనాన్స్ కంపెనీలు అన్నీ పోతాయి. మన దేశపు పెద్ద సూచీల్లో అన్నిటికంటే బరువైన భాగం వాటిదే. అవి పోగా సాఫ్ట్‌వేర్, మందులు, ఇంట్లో వాడే సబ్బులు, నూనెల వంటి సరుకుల కంపెనీలకు ప్రాధాన్యం పెరుగుతుంది. బ్యాంకు షేర్లు పరుగెత్తే ఏడాది షరియా ఫండు వెనకబడుతుంది. అప్పుడు నిరాశపడి దిగిపోయేవారుంటారు. అలాగే సాఫ్ట్‌వేర్ రంగానికి జ్వరం వస్తే ఈ ఫండుకు ఎక్కువ జ్వరం వస్తుంది. హలాల్ అన్నంత మాత్రాన ధర పడిపోకుండా ఉండదు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ఇతర కుటుంబాలు జాగ్రత్త కోసం సగం సొమ్ము ఫిక్స్‌డ్ డిపాజిట్లలోనో బాండ్లలోనో ఉంచుతాయి. షేర్లు పడిపోయినప్పుడు ఆ సగం ఇంటిని నిలబెడుతుంది. వడ్డీ వద్దనుకునే మనకు ఆ ఊతం లేదు. ఇతర దేశాల్లో వాడే సుకూక్ పత్రాలు మన సామాన్యుడికి అందుబాటులో లేవు. కాబట్టి మనవాళ్లు బంగారం వైపో, ప్లాట్ల వైపో పోతారు. బంగారం మంచిదే, కానీ దానికీ నిలకడ లేదు. 2013లో పది గ్రాములు 30 వేలు దాటిన బంగారం 2015లో 25 వేల దగ్గరికి దిగింది. కూతురి పెళ్లికి అప్పుడే అమ్మవలసి వచ్చినవారిని అడిగితే తెలుస్తుంది. ప్లాటు అయితే కావలసిన రోజున అమ్ముడుపోదు. సగం ప్లాటు అమ్మడం కూడా కుదరదు. అద్దె వచ్చే చిన్న దుకాణం గది వీటికంటే మేలు. అయితే దానికి పత్రాలు సక్రమంగా ఉండాలి. డబ్బును ఊరికే ఉంచినా నిసాబ్ దాటితే ఏటా రెండున్నర శాతం జకాత్ ఇవ్వాలి, పైగా ధరల పెరుగుదల కొంత తినేస్తుంది. కనుక ఎక్కడా పెట్టకుండా దాచుకోవడం కూడా జాగ్రత్త అనిపించుకోదు.

మరి కాలం సంగతి. 2008 జనవరిలో సెన్సెక్స్ 21 వేల మెట్టును తాకింది. అక్టోబరు చివరికి 9 వేల లోపుకు కూలింది. మళ్లీ 21 వేలకు రావడానికి 2010 నవంబరు దాకా పట్టింది. అక్కడ నుంచి మళ్లీ జారి, ఆ మెట్టును దాటి పైకి సాగింది 2013 చివర్లోనే. అంటే శిఖరం మీద కొన్నవాడు దాదాపు ఆరేళ్లు ఆగవలసి వచ్చింది. 2020 జనవరిలో 42 వేలు తాకిన సూచీ కరోనా భయంతో మార్చి 23 నాటికి 26 వేలకు పడింది. ఏడాది తిరగకముందే కోలుకుంది. ఈ రెండు పతనాల్లో ఏది ఎప్పుడు వస్తుందో, ఏది ఎన్నాళ్లుంటుందో ముందే చెప్పినవాడు లేడు. పదిహేనేళ్ల తరువాత కావలసిన డబ్బుకు ఇవి రెండూ గతుకులు మాత్రమే. రెండేళ్లలో కావలసిన నికాహ్ డబ్బుకు ఇవే గోతులు.

ఒకే కంపెనీని నమ్ముకోవడం సంగతి హైదరాబాద్‌వారికి వేరే చెప్పనక్కరలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి లెక్కలు తప్పని లేఖ రాసిన రోజున ఆ షేరు ఒక్క పూటలో నాలుగింట మూడు వంతులకు పైగా విలువ కోల్పోయింది. అంతకుముందు రోజు దాకా అది మన ఊరి గర్వం. మన ఊరి కంపెనీ, మనవాళ్ల కంపెనీ, మా బంధువు పనిచేసే కంపెనీ అన్న ప్రేమతో షేరు కొనేవారు ఆ రోజును మరువకూడదు.

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) మిస్ర్ రాజు కలకు చెప్పిన అర్థం మనందరికీ తెలిసిందే. ఏడేళ్ల పంట, ఏడేళ్ల కరువు. ఆయన చూపిన ఉపాయంలో ఒక చిన్న వివరాన్ని మనం దాటిపోతుంటాం. తినడానికి కావలసిన కొద్దిపాటి ధాన్యం తప్ప మిగిలినదంతా వెన్నుల్లోనే ఉంచమన్నారు. నూర్చిన గింజకు త్వరగా పురుగు పడుతుంది. పద్నాలుగేళ్లను ముందు చూసి, ఈ ఏటి తిండిని వేరుగా, రాబోయే ఏళ్ల ధాన్యాన్ని వేరుగా ఉంచిన ఏర్పాటు అది. బాగా పండిన ఏడేళ్లలోనే చేయి బిగించుకున్నారు. తబుంగ్ హాజీ పెద్దలు సరిగ్గా అక్కడే చేయి వదిలారు.

ఇంకొక మాట. డబ్బు ఎక్కడుందో ఇంట్లోవారికి తెలియకపోతే ఎంత జాగ్రత్తా వృథా. మనిషి పోయాక డీమ్యాట్ ఖాతా ఉందని కూడా తెలియని భార్యలున్నారు. నామినీ పేరు తప్పక రాయించండి. నామినీ అంటే వారసుడని కొందరనుకుంటారు. షేర్ల విషయంలో నామినీ సొమ్మును అందుకుని వారసులకు అప్పగించే వ్యక్తి మాత్రమేనని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో మళ్లీ స్పష్టం చేసింది. ఇది మన అమానత్ భావనకు దగ్గరే. బంధువులతో వ్యాపారం చేసినా కాగితం మీద రాసుకోవాలి. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అప్పులు, లావాదేవీలు రాసుకోవడం గురించినదేనని బడిలో పిల్లలకు నేర్పుతాం. పెద్దలయ్యాక బావమరిదిని కాగితం అడగడానికి మొహమాటపడతాం.

ఆ దమ్మామ్ సోదరుడితో తరువాత రెండుసార్లు కూర్చున్నాను. కొడుకు చేత నోటు పుస్తకంలో గళ్లు గీయించారు. నికాహ్‌కు ఐదు లక్షలు. ఇందులో ఎలాగూ పెట్టవలసిన నగలకు కొంత బంగారం ఇప్పుడే కొంటారు. మిగిలింది బ్యాంకులోనే ఉంటుంది, దానిపై పడే వడ్డీని సవాబ్ ఆశించకుండా పేదలకు ఇచ్చేస్తారు. ఆసుపత్రి వంటి ఆపదకు ఒక లక్ష ముట్టరు. కొడుకు చదువుకు ఆరు లక్షలు. అందులో మూడు లక్షలు బావమరిదితో కలిసి అద్దె గది కొనడానికి, రాతపూర్వకంగా. మిగిలిన మూడు లక్షలు నెలకు పన్నెండున్నర వేల చొప్పున రెండేళ్లపాటు షరియా ఫండులోకి. కాలేజీలో చేరడానికి రెండేళ్ల ముందు నుంచే ఆ ఫండు సొమ్మును కొంచెం కొంచెంగా వెనక్కి తీసుకోవాలని నేను చెప్పాను. "అప్పుడు మార్కెట్ పైకి పోతుంటే?" అని కొడుకు అడిగాడు. పైకి పోతున్నప్పుడే తీసుకోవాలి బేటా అన్నాను. వాడికి ఆ జవాబు అంతగా నచ్చినట్టు లేదు.

హజ్ గడిలో మొదట ఏమీ లేదు. ఇక్కడ మళ్లీ పని మొదలుపెట్టిన సంపాదనలోంచి నెలకు ఐదు వేలు వేస్తానని ఆయన భార్య ముందే చెప్పారు. మొదటి ఐదు వేలు పడ్డాయని మొన్న జుమా రోజున మసీదు మెట్ల దగ్గరే చెప్పారు.